గద్ద వీపెక్కిన రాజు

అమ్మలూ, బుజ్జీ,

క్రిస్మస్ మర్నాడు ఐర్లండ్‌లోని డింగిల్ ఊళ్లో రెన్ పిట్ట పేరిట గడ్డి వేషాలు కట్టి, డప్పులు వాయిస్తూ తిరిగేవాళ్లను చూసి వచ్చి, "తాతయ్యా, రెన్ పిట్ట ఇంతే ఉంటుంది కదా, దాన్ని పక్షుల రాజు అంటారేంటి?" అని ఫోన్‌లో అడిగారు. ఫోన్‌లో చెబితే చాలదనిపించి రాస్తున్నాను.

అందరికన్నా ఎత్తుకు ఎగిరినవారే రాజు అని పక్షులు పందెం వేసుకున్నాయట. గద్ద మబ్బులు దాటిపోయింది. ఇక రెక్క ఆడదు అన్న చోట, దాని వీపు ఈకల్లో దాక్కున్న రెన్ పైకి లేచి ఇంకో జానెడు ఎగిరింది. అంతే, రాజైపోయింది.

మా ఊరి తిరునాళ్లలో నాన్న నన్ను భుజాలకు ఎక్కించుకునేవారు. జనం తలల మీదుగా నాకు రథం మొత్తం కనిపించేది. "నాన్నా, నీకు కనిపించట్లా? నాకు కనిపిస్తోంది!" అని గొప్పలు పోయేవాణ్ణి. నా కాళ్ల మట్టంతా ఆయన చొక్కాకే. రెన్ బరువు పది గ్రాములు, రెండు చెంచాల పంచదార అనుకోండి. గద్దకు ఆ బరువు తెలిసే ఉంటుంది, తెలిసీ దించలేదని నా నమ్మకం.

రాజు అంటూనే ఒకప్పుడు క్రిస్మస్ మర్నాడు రెన్‌ను వేటాడి, కర్రకు కట్టి ఊరేగించి, పాతిపెట్టడానికి డబ్బులు అడిగేవారు. దాక్కున్న క్రైస్తవ సాధువు సెయింట్ స్టీఫెన్‌ను అరిచి పట్టించిందని దాని మీద నింద. డప్పు మీద టకటక పొడిచి శత్రువులను నిద్రలేపిందని ఇంకో నింద. పిట్టకు యుద్ధాలేం తెలుసమ్మా? రాబిన్ అనే ఇంకో పిట్టను చంపితే మాత్రం చేతికి గడ్డ లేస్తుందని భయపడేవారు. ఆ భయమే రాబిన్‌ను కాపాడింది. రెన్‌కు ఆ రోజున అలాంటి కథేదీ అడ్డుపడలేదు పాపం. ఇప్పుడు బొమ్మ పిట్టతోనే ఊరేగుతున్నారు, నాకు చాలా సంతోషం.

1937-39 మధ్య ఐర్లండ్ బడిపిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఇలాంటి కథలెన్నో నోటుపుస్తకాల్లో రాసిపెట్టారు. మీరూ నన్ను అడిగారు చూడండి, అలాగే.

మీ ఇంటికి వచ్చినప్పుడు వెనక కంచె పొదలో దాని కూత విన్నాను. తోక నిక్కబొడుచుకుని, కిందికొమ్మ మీద కూర్చుని పెరడంతా మోగించేసింది. అంత చిన్న గుండెలో ఆ గొంతు ఎలా పడుతుందో అని ఇప్పటికీ ఆశ్చర్యమే! రేపు పొద్దున చలికోటు వేసుకుని వెళ్లండి. పొద కదపకుండా నిలబడండి. కూత వినిపించగానే అడుగులు లెక్కపెడుతూ వెనక్కి నడవండి. ఎన్ని అడుగుల దాకా వినిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య