మిరపకాయ లేని కొరియా వంటిల్లు

కొరియా వంట అనగానే ఎర్రటి కిమ్చీ, అంటే కారం కలిపి పులియబెట్టిన కూరగాయల పచ్చడి, గుర్తొస్తుంది కదా. కానీ 1670 ప్రాంతంలో అక్కడి ఒక పెద్దింటి ఆవిడ రాసిన వంటల పుస్తకంలో 146 పద్ధతులు ఉంటే ఒక్కదానిలోనూ మిరపకాయ కనిపించదు. ఘాటు కావాలంటే మిరియాలు, అల్లం, ఆవాలు, ఇంకా నాలుకను తిమ్మిరెక్కించే ఒక రకం కొండ గింజ, అంతే. అమెరికా మొక్క అయిన మిరప మనకు 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లతో వచ్చింది, కొరియాలో 1614 నాటికే ఒక గ్రంథంలో దాని ప్రస్తావన ఉంది. అంటే ఆవిడ కాలానికి మిరప ఆ దేశంలోకి వచ్చేసింది, ఆవిడ వంటల్లోకి మాత్రం రాలేదు.

ఆవిడ పేరు జాంగ్ గే-హ్యాంగ్ (1598–1680). ఆందోంగ్ ప్రాంతపు యాంగ్‌బాన్ కుటుంబం, అంటే చోసన్ రాజ్యంలో (అప్పటి కొరియా) చదువుతో, కొలువులతో పెద్దరికం చేసిన వర్గం. ఆ ప్రాంతంలోనే అంతకు ముందు కిమ్ యూ అనే పండితుడు వంటల గురించి చైనా లిపిలో రాశాడు. ఈవిడ మాత్రం మామూలు ఆడవాళ్లు చదవగలిగే కొరియా సొంత లిపి హంగుల్‌లో రాసింది, అదీ డెబ్బై దాటాక. పుస్తకం పేరు 'ఉమ్‌సిక్ డిమిబాంగ్'.

నన్ను ఆపేసిన లెక్క ఇంకొకటి ఉంది. ఆ 146లో 51 మద్యం తయారీ గురించే! తాగుడు కోసం అనుకుంటే పొరపాటే. యాంగ్‌బాన్ ఇంటి కోడలికి రెండు పెద్ద బాధ్యతలు: పితృకార్యాలు జరపడం, వచ్చిన అతిథిని ఆదరించడం. నాలుగు తరాల పెద్దలకు ఏటా తద్దినాలు పెట్టాలి, ప్రతిదానికీ మద్యం నివేదించాలి, పైగా ఏ పండితుడు ఎప్పుడు గుమ్మంలోకి వస్తాడో తెలియదు, వచ్చినవాళ్లకు ఎవరి చిన్న బల్ల వాళ్లకే వేసి వడ్డించాలి. కొనుక్కొచ్చే పని కాదు, ఇంట్లోనే పులియబెట్టాలి. (ఈ చాకిరీలో దంచడం, మోయడం ఎక్కువగా ఆ ఇళ్లలోని బానిసల మీదే పడేది, అది మర్చిపోకూడదు.)

బియ్యంతో మద్యం అంత తేలిక కాదు. ద్రాక్షలో చక్కెర ముందే ఉంటుంది, ఈస్ట్ (చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే సూక్ష్మజీవి) దాన్ని నేరుగా తినేస్తుంది. బియ్యంలో ఉండేది పిండిపదార్థం, దాన్ని ఈస్ట్ ముట్టుకోలేదు. అందుకే 'నురుక్' కావాలి: గోధుమను బరకగా విసిరి, తడిపి, అచ్చులో తొక్కి బిళ్లలా చేసి కొన్ని వారాలు వదిలేస్తారు. గాలిలోని, గోధుమ మీది బూజులు, ఈస్ట్‌లు, పుల్లదనం ఇచ్చే బాక్టీరియా దానిలో కాపురం పెడతాయి. ఈ బిళ్లను పొడి చేసి ఉడికిన బియ్యంలో, నీళ్లలో కలిపితే బూజు ఎంజైములు పిండిని చక్కెరగా విడగొడుతుంటే, అదే కుండలో, అదే సమయంలో ఈస్ట్ ఆ చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. చక్కెర ఒక్కసారిగా పేరుకుపోదు కాబట్టి ఈస్ట్ ఉక్కిరిబిక్కిరి కాదు, మద్యం గాఢత బాగా పెరుగుతుంది. మధ్యలో ఇంకోసారి అన్నం వేస్తే మరింత. సూక్ష్మజీవి అనే మాటే తెలియని కాలంలో, వాసన చూసి, చెయ్యి పెట్టి వేడి చూసి ఇదంతా నడిపారు, నాకైతే ఇది అచ్చమైన ప్రయోగశాల పనే అనిపిస్తుంది.

ఆ ఇంటింటి విద్య 20వ శతాబ్దంలో దెబ్బతింది. 1909లో మద్యం పన్ను చట్టం వచ్చింది, జపాన్ పాలనలో 1916లో నిబంధనలు బిగిశాయి, 1934కల్లా ఇంట్లో వాడకానికి తయారుచేసుకునే అనుమతులే ఎత్తేశారు.

పుస్తకంలో నాకు చాలా ఇష్టమైనది చలికాలపు ఆకుకూరల పద్ధతి. గుర్రపుశాల దగ్గర గొయ్యి తవ్వి, మట్టి, ఎరువు పరిచి, ఉల్లి లాంటివి నాటి, పైన పేడ ఎరువు కప్పమంటుంది. పేడ కుళ్లేటప్పుడు బాక్టీరియా వేడి పుట్టిస్తుంది, బయట మంచు ఉన్నా లోపల మొలకలు వస్తాయి.

చివర్లో ఆవిడ ఒక మాట రాసింది: చూపు మందగించినా కష్టపడి రాశాను, కూతుళ్లు నకలు రాసుకుని తీసుకెళ్లండి, ఈ పుస్తకాన్ని మాత్రం పట్టుకుపోవాలని అనుకోవద్దు, పాడుకాకుండా దాచండి అని. దాదాపు మూడు శతాబ్దాలు అది కొడుకుల వంశంలోనే భద్రంగా ఉంది, ఇప్పుడు క్యోంగ్‌బుక్ జాతీయ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉంది.