దుఃఖంలో ఉన్నవాళ్ల చేతిలో నవల: అపోహలు - వాస్తవాలు

విశాఖలో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు కౌన్సెలింగ్ చేయడం నా పని. వాళ్లలో చదివే అలవాటున్నవాళ్లు కొందరు గొంతు తగ్గించి, తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్తారు: "మేడం, ఆయన పోయి నెల కూడా కాలేదు, నేను నవల చదువుకుంటున్నాను." ఎవరో ఏదో అని ఉంటారు. అలా వినిపించే మాటల గురించే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇంట్లో మనిషి పోతే నవలలేమిటి? బాధ నుంచి తప్పించుకోవడం కాకపోతే!

వాస్తవం: దుఃఖాన్ని ఇరవై నాలుగు గంటలూ దించకుండా ఎవరూ మోయలేరు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో చెప్పింది కూడా ఇదే. మనిషి కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు మిగిలిన బతుకు వైపు, అటూ ఇటూ తిరుగుతూనే నిలదొక్కుకుంటాడు. బ్యాంకులో నామినీ కాగితాలు, పిల్లల ఫీజులు, ఓ అరగంట నవల, మళ్లీ ఏడుపు. పోయిన మనిషి పేరే ఎత్తనివ్వకుండా నెలల తరబడి పుస్తకాల్లో దాక్కుంటే నాకు టెన్షన్. అరగంట చదువుకుంటే సంతోషం.

అపోహ: వాళ్లకు చావు ప్రస్తావన లేని, నవ్వించే పుస్తకాలే ఇవ్వాలి.

వాస్తవం: గాజువాక నుంచి ఒకావిడ వచ్చేవారు (గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను). భర్త స్టీల్ ప్లాంట్‌లో రిటైరై ఏడాది తిరక్కుండానే పోయారు. చెల్లెలు ప్రేమగా నాలుగు హాస్య నవలలు తెచ్చిస్తే ఈవిడ ఒక్కటీ తెరవలేదు. తర్వాత ఎప్పుడో ద్వారకానగర్ పౌర గ్రంథాలయం నుంచి తనే ఒక పాత నవల తెచ్చుకున్నారు. అందులో ఒక ఇల్లాలు, ఏ కాగితం ఎక్కడ పెట్టాడో చెప్పకుండా వెళ్లిపోయాడని పోయిన మొగుణ్ణి తిట్టిపోస్తుంది. ఆ పేజీ దగ్గర గుర్తుగా పెట్టుకున్నది తీసి నాకు చూపించారు. ఆయన చొక్కా జేబులో దొరికిన సిటీ బస్సు టికెట్. ఉతుకులో పడి మెత్తబడింది, అంకెలు సగం వెలిసిపోయాయి.

"నాకూ ఆయన మీద కోపమే మేడం. ఎవరితో అంటాను?" అన్నారు.

రెండు నెలలుగా నా ఎదురుగా కూర్చున్నా బయటికి రాని మాట అది. పరామర్శకు వచ్చినవాళ్లెవరూ అలాంటి మాట అననివ్వరు. నవలలో మనిషి ముందే అనేసింది కాబట్టి ఈవిడకు దారి దొరికింది. పైగా ఆ మనిషి "ధైర్యంగా ఉండాలమ్మా" అనదు, మన ముఖం చూస్తూ జవాబు కోసం ఆగదు. వద్దనుకుంటే పుస్తకం మూసేయొచ్చు. వచ్చిన చుట్టాన్ని అలా పంపలేం కదా.

అందరికీ ఇదే కావాలనీ కాదు. నిద్రలోనే తల్లి పోయిన ఒక కుర్రాడు డిటెక్టివ్ నవలలు తప్ప వేరేవి ముట్టేవాడు కాదు. "చివర్లో కారణం తెలుస్తుంది మేడం" అన్నాడు. వాళ్లమ్మ ఎందుకు పోయిందో వాడికి ఎవరూ చెప్పలేకపోయారు. అందుకే ఏం చదవాలనుందో అడిగి ఇవ్వండి. ఇచ్చాక "చదివావా, ఎలా ఉంది?" అని వెంటపడకండి. దయచేసి.

అపోహ: దుఃఖానికి ఐదు దశలుంటాయి, ఏ దశకు తగ్గ పుస్తకం ఆ దశలో చదవాలి.

వాస్తవం: ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ 1969లో ఆ దశల గురించి రాసింది తామే మరణానికి దగ్గరపడిన రోగులతో మాట్లాడి. వెనక మిగిలినవాళ్లు వరుసగా ఎక్కాల్సిన మెట్లు కావవి.

అపోహ: మంచి నవల దొరికితే ఇంకెవరి సాయమూ అక్కర్లేదు.

వాస్తవం: నవల తోడుంటుంది, చికిత్స చేయదు. ఆరు నెలలు దాటినా దుఃఖం అదే తీవ్రతతో పట్టి ఉంచి, రోజువారీ పనులు కూడా సాగనివ్వకపోతే దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా విడిగా ఒక రుగ్మతగా గుర్తిస్తోంది. అమెరికా మానసిక వైద్యులు 2022లో, పిల్లలు కాని వాళ్లకు ఆరు నెలల బదులు ఏడాది గడువు పెట్టారు. అయితే చచ్చిపోవాలనిపిస్తే ఏ గడువూ చూడొద్దు. వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్లడానికి మొహమాటపడొద్దు.

అపోహ: ఎప్పుడూ చదివే మనిషి ఇప్పుడు ఒక్క పేజీ కూడా చదవలేకపోతే ఏదో తేడా చేసింది.

వాస్తవం: నిద్ర ఉండదు, మనసు ఒకచోట నిలవదు. మొదటి నెలల్లో చాలామందికి ఇంతే. మా నాన్న పెద్దకర్మ అయిన వారానికి నేను పుస్తకం పట్టుకుంటే ఒకే పేరా దగ్గర సాయంత్రమంతా గడిచిపోయింది. ఈ పని చేస్తూ కూడా భయపడ్డాను. చివరికి కాలేజీ రోజుల్లో రెండుసార్లు చదివిన నవలే సాగింది. ఏ పేజీలో ఎవరికి ఏమవుతుందో ముందే తెలుసు, గుండె దిటవు చేసుకుని పేజీ తిప్పొచ్చు. కళ్లు సహకరించకపోతే ఇంట్లో ఎవరినైనా పక్కన కూర్చుని పైకి చదవమనండి.

ఆ గాజువాక ఆవిడకూ మొదట్లో రోజుకు రెండు పేజీలే సాగేవి. లైబ్రరీ గడువు రెండుసార్లు పొడిగించుకున్నారు. తిరిగి ఇచ్చేటప్పుడు టికెట్ తీసి పర్సులో దాచుకున్నారట. పోయిన వారం వచ్చినప్పుడు చూశాను, అది వేరే నవలలో ముప్పయ్యో పేజీ దగ్గర ఉంది.