సాయంత్రం మండి పొద్దునకు దిగే జ్వరం: పిల్లల సిస్టమిక్ ఆర్థరైటిస్‌ను కొలవడం

పదహారేళ్లలోపు పిల్లలకు వచ్చే దీర్ఘకాలిక కీళ్లవాతాల్లో సిస్టమిక్ జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ (కీళ్లతో పాటు ఒళ్లంతటినీ బాధించే రకం) తీరు వేరు. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో పనిచేసిన జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ 1897లో ఈ జబ్బును వివరంగా వర్ణించారు. అందుకే దీన్ని స్టిల్స్ వ్యాధి అని కూడా అంటారు. కీళ్ల వాపుతో పాటు, ఒక్కోసారి వాపు కనిపించడానికి వారాల ముందే, రోజూ ఒక వేళకు 102, 103 డిగ్రీల దాకా ఎగబాకే జ్వరం వస్తుంది. జ్వరం ఉన్నంతసేపు ఒంటి మీద లేత గులాబీ రంగు మచ్చలు తేలి, అది దిగగానే మాయమవుతాయి. మెడలో, చంకల్లో బిళ్లలు కడతాయి, కాలేయమూ ప్లీహమూ పెరుగుతాయి, గుండె చుట్టూ ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరల్లో నీరు చేరవచ్చు. పుట్టుకతో వచ్చే రక్షణ వ్యవస్థ అదుపు తప్పి ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-18 అనే సంకేత ప్రోటీన్లను విపరీతంగా విడుదల చేయడం వల్లనే ఇదంతా జరుగుతుంది.

ఇలాంటి జబ్బు ఒక బిడ్డలో ఈ వారం ఎంత ఉద్ధృతంగా ఉందో తేల్చి చెప్పే పరీక్ష ఒక్కటీ లేదు. మందు మోతాదు పెంచాలా, తగ్గించాలా, మార్చాలా అన్న నిర్ణయం మాత్రం ఆ అంచనా మీదే ఆధారపడి ఉంటుంది. కష్టం ఎక్కడంటే, జ్వరం సాధారణంగా సాయంత్రమో రాత్రో వస్తుంది, తెల్లవారేసరికి దిగిపోతుంది. జ్వరంలో వణుకుతూ, ముట్టుకుంటే ఏడ్చిన బిడ్డ మరునాడు ఉదయం ఓపీలో కూర్చుని ఆడుకుంటూ ఉంటుంది. కాబట్టి ఈ జబ్బు కొలతలో మొదటి పరికరం ఇంట్లోని థర్మామీటరూ ఒక నోటు పుస్తకమూ అని నేను గట్టిగా నమ్ముతాను. రోజూ ఏ వేళకు ఎంత జ్వరం ఉంది, మాత్ర వేయక ముందు చూసినదా వేశాక చూసినదా, పొద్దున లేచాక కీళ్లు ఎంతసేపు పట్టేసి ఉన్నాయి అన్న వివరాలు తేదీలతో సహా రాసి ఉంటే, డాక్టరుకు అంతకన్నా విలువైన కాగితం మరొకటి ఉండదు. మచ్చల విషయంలోనూ అంతే. ఛామనఛాయ చర్మం మీద, అంటే మన పిల్లల్లో చాలామందికి, ఆ లేత గులాబీ రంగు తేలిగ్గా కంటికి ఆనదు. జ్వరం వేళ మంచి వెలుతురులో తీసిన ఫోన్ ఫొటో పరీక్షగదిలో నిజంగా పనికొస్తుంది.

కీళ్లవాతం ఉన్న పిల్లలందరికీ వాడే కొలమానం ఒకటి 2009లో వెలువడింది. ఇటలీలోని జెనోవా నగర వైద్యుల నాయకత్వంలో రూపొందిన ఆ స్కోరును ‘జాడాస్’ అంటారు. అందులో నాలుగు అంశాలుంటాయి: జబ్బు ఉద్ధృతిపై డాక్టరు సున్న నుంచి పది వరకు వేసే మార్కు, బిడ్డ పరిస్థితిపై తల్లిదండ్రులు అలాగే వేసే మార్కు, వాచిన లేదా నొప్పితో కదలిక తగ్గిన కీళ్ల సంఖ్య, ఈఎస్ఆర్ (ఎర్రకణాలు ఎంత వేగంగా కిందికి దిగుతాయో చూసి ఒంట్లో వాపును అంచనా వేసే రక్త పరీక్ష). ఈఎస్ఆర్ విలువలోంచి 20 తీసేసి పదితో భాగిస్తే అదీ పది మార్కులకు సరిపోతుంది. 20 కన్నా తక్కువుంటే సున్న, 120 దాటితే పది. కీళ్లను పదివరకే లెక్కించే పద్ధతిలో మొత్తం 40 మార్కులు. ఎక్కువ మార్కులు వస్తే జబ్బు ఎక్కువని అర్థం.

ఈ కొలమానం మిగతా రకాల కీళ్లవాతానికి చక్కగా సరిపోతుంది గానీ, సిస్టమిక్ రకంలో అసలైన సంగతినే వదిలేస్తుంది. ఒక్క కీలూ వాయకుండా, రోజూ జ్వరంతో మండుతూ, గుండె చుట్టూ నీరు చేరిన బిడ్డకు కీళ్ల గడిలో పడేది సున్నే. ఈ లోటును పూడ్చడానికి 2020లో సిస్టమిక్ జాడాస్ వచ్చింది. పాత నాలుగు అంశాలకు ఐదోది చేరింది: జ్వరం, మచ్చలు, బిళ్లలు, కాలేయ ప్లీహాల పెరుగుదల, పొరల్లో వాపు, రక్తహీనత, ప్లేట్‌లెట్లు లేదా ఫెరిటిన్ (ఇనుమును నిల్వ చేసే ప్రోటీన్) పెరగడం, వీటన్నిటికీ కలిపి పది మార్కులు. ఇందులో జ్వరానికి దాని తీవ్రతను బట్టి మార్కులు పెరుగుతాయి, మిగతా లక్షణాలు ఉన్నాయా లేవా అన్నదే లెక్క. ఊహకు ఒక పాపను తీసుకుందాం. డాక్టరు 6 వేశారు, తల్లి 7 వేసింది, నాలుగు కీళ్లు వాచాయి, ఈఎస్ఆర్ 80 కాబట్టి దానికి 6. పాత లెక్కలో 40కి 23 వస్తుంది. ఒంటి లక్షణాలకు మరో 6 కలిస్తే కొత్త లెక్కలో 50కి 29. నెల తిరిగాక అది 8కి దిగితే చికిత్స ఫలిస్తోందని చెప్పడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

మొత్తం ఒక్కటే చూసి తృప్తి పడకూడదు. జ్వరం పూర్తిగా పోయి కీళ్లు కొత్తగా వాచిన బిడ్డకూ, కీళ్లు కుదుటపడి జ్వరం తిరగబెట్టిన బిడ్డకూ ఒకే స్కోరు రావచ్చు; ఇద్దరి అవసరాలు మాత్రం ఒకటి కావు. డాక్టరు మార్కుకూ తల్లిదండ్రుల మార్కుకూ మధ్య పెద్ద తేడా ఉన్నప్పుడు సగటు చూసి ముందుకు పోవడం కూడా సరికాదు. తల్లి ఎక్కువ వేసిందంటే రాత్రి నొప్పితో బిడ్డకు నిద్ర పట్టలేదేమో, బడి మానేసిందేమో అడిగి తెలుసుకోవాలి.

రక్త పరీక్షల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. జబ్బు ఉద్ధృతంగా ఉన్నప్పుడు ఈఎస్ఆర్, సీఆర్పీ (వాపు ఉన్నప్పుడు కాలేయం రక్తంలోకి వదిలే ప్రోటీన్), ఫెరిటిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ పెరుగుతాయి, హిమోగ్లోబిన్ తగ్గుతుంది. ఈ పిల్లల్లో సుమారు పదింట ఒకరికి మాక్రోఫేజ్ యాక్టివేషన్ సిండ్రోమ్ అనే, రక్షణ కణాలు అదుపు తప్పి చెలరేగే ప్రాణాంతకమైన ఉపద్రవం స్పష్టంగా బయటపడుతుంది, అప్పుడు కొన్ని అంకెలు తలకిందులవుతాయి. ఎర్రకణాలు ఒకదానికొకటి అంటుకుని వేగంగా కిందికి దిగడానికి ఫైబ్రినోజెన్ అనే, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్రోటీన్ కావాలి. ఈ ఉపద్రవంలో అది ఖర్చయిపోతుంది కనుక ఈఎస్ఆర్ పడిపోతుంది. ఆరు లక్షలున్న ప్లేట్‌లెట్లు రెండు లక్షలకు దిగితే ల్యాబ్ కాగితం మీద ‘నార్మల్’ అనే ఉంటుంది. చూసేవారికి బిడ్డ కోలుకుంటున్నట్టు అనిపించే ఆ ఘడియలోనే పరిస్థితి విషమిస్తూ ఉంటుంది. 2016లో అంతర్జాతీయ నిపుణులు ప్రకటించిన ప్రమాణాలు ఈ చిక్కును లెక్కలోకి తీసుకున్నాయి: జ్వరంతో ఉన్న బిడ్డకు ఫెరిటిన్ 684 దాటి, దానితోపాటు ప్లేట్‌లెట్లు 1,81,000 లేదా అంతకు తక్కువ కావడం, కాలేయ ఎంజైమ్ ఏఎస్‌టీ 48 మించడం, ట్రైగ్లిజరైడ్లు 156 మించడం, ఫైబ్రినోజెన్ 360 లేదా అంతకు తక్కువ కావడం అనే నాలుగింటిలో ఏ రెండున్నా ఈ ఉపద్రవంగా పరిగణిస్తారు. ప్లేట్‌లెట్లకు, ఫైబ్రినోజెన్‌కు పెట్టిన హద్దులు రెండూ మామూలు ల్యాబ్ నార్మల్ పరిధిలోనే ఉన్నాయన్నది గమనించాలి. ఒక రోజు అంకె కన్నా నిన్నటి నుంచి ఈ రోజుకు వచ్చిన మార్పే ఇక్కడ ముఖ్యం, అందుకే పాత రిపోర్టులన్నీ వరుసగా భద్రపరిచిన ఫైలు ఆసుపత్రికి తీసుకెళ్లడం తప్పనిసరి.

మందులు కూడా కొలతను మారుస్తాయి. మన దగ్గరా వాడుతున్న టోసిలిజుమాబ్ ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకుంటుంది. కాలేయం సీఆర్పీని తయారు చేసేది ముఖ్యంగా ఆ సంకేతం అందుకునే. సంకేతం ఆగితే సీఆర్పీ దాదాపు సున్నకు చేరుతుంది, ఈఎస్ఆర్ కూడా తగ్గుతుంది. లోపల జబ్బు రగులుతున్నా, చివరికి ఇన్‌ఫెక్షన్ వచ్చినా, ఈ రెండు అంకెలూ బయటపెట్టకపోవచ్చు. పై ఉపద్రవం వచ్చినా జ్వరం అంతగా కనబడకపోవచ్చు. ఈ మందు మీద ఉన్న బిడ్డ నలతగా ఉంటే, సీఆర్పీ బాగుందన్న ధీమాతో ఇంటికి పంపడం నా దృష్టిలో పొరపాటు. ఫెరిటిన్, రక్తకణాలు, కాలేయ పరీక్షలు, అన్నిటికీ మించి చేత్తో పట్టి చూసే పరీక్ష అవసరం.

జబ్బు అణగిందని ఎప్పుడు అంటారు? కీళ్లలో వాపు లేకుండా, జ్వరం, మచ్చలు, బిళ్లలు, ప్లీహం పెరుగుదల లేకుండా, ఈఎస్ఆర్ లేదా సీఆర్పీ సాధారణంగా ఉండి, పొద్దుటి బిగుతు 15 నిమిషాలు మించకుండా, డాక్టరు మార్కు సున్న అయితే దాన్ని జబ్బు నిష్క్రియ స్థితి అంటారు. మందులు వాడుతూ అది ఆరు నెలలు నిలిస్తే ఒక రకం ఉపశమనం, అన్ని మందులూ ఆపాక 12 నెలలు నిలిస్తే రెండో రకం. ఐరోపా నిపుణులు 2024లో ఇచ్చిన సిఫార్సులు దీనికి గడువులు కూడా పెట్టాయి: వారంలో జ్వరం తగ్గి సీఆర్పీ సగానికి పైగా పడిపోవాలి, మూడు నెలలకు చాలా తక్కువ స్టెరాయిడ్‌తో జబ్బు అణగాలి, ఆరు నెలలకు స్టెరాయిడ్ లేకుండానే అణిగి ఉండాలి. ఎదిగే వయసులో స్టెరాయిడ్ ఎత్తును ఆపుతుంది, ఎముకలను పలచబరుస్తుంది, కాబట్టి ఈ తొందర న్యాయమైనదే.

చివరగా, జబ్బు ఉద్ధృతి వేరు, అది మిగిల్చిన నష్టం వేరు. ఎప్పటి వాపు వల్లనో వంగకుండా మిగిలిన మోకాలిని చూసి ఇప్పటి జబ్బు అనుకుంటే మార్కులు అనవసరంగా పెరుగుతాయి, బిడ్డకు అక్కర్లేని మందు పడుతుంది. ఆ మోకాలికి కావలసింది ఫిజియోథెరపీ, కొన్నిసార్లు శస్త్రచికిత్స. అందుకే కీళ్లకూ మిగతా ఒంటికీ జరిగిన శాశ్వత నష్టాన్ని లెక్కించడానికి వేరే సూచిక ఉంది, దాన్ని ఉద్ధృతి స్కోరులో కలపకుండా విడిగానే రాసుకుంటారు.