చివర్లో ఒక ఫిల్టర్ పడేస్తే చాలా? కలర్ బ్లైండ్ ఆటగాళ్ల గురించి అపోహలు - వాస్తవాలు

పోయిన వారం మళ్లీ అదే మాట. గేమ్ దాదాపు పూర్తయింది, పది రోజుల్లో ప్లే స్టోర్‌కి పోవాలి. "కలర్ బ్లైండ్ వాళ్ల సంగతేంటి సార్?" అని (కొన్ని రంగుల మధ్య తేడా సరిగా తెలియనివాళ్ల గురించి) అడిగితే ఫోన్లో క్లయింట్, "దాందేముందమ్మా, చివర్లో సెట్టింగ్స్‌లో ఒక ఫిల్టర్ పడేయండి" అన్నారు. తిరుపతిలో ఉండి తొమ్మిదేళ్లుగా మొబైల్ గేమ్స్‌కి యూఐ (స్క్రీన్ మీద కనిపించే బటన్లు, గుర్తులు, రంగులు) చేస్తున్నాను. ఈ మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. అందుకే ఇవాళ పని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: డ్యూటరనోపియా, ప్రొటనోపియా (రెండూ ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియని రకాలు), ట్రైటనోపియా (నీలం-పసుపు తేడా తెలియని రకం) అని మూడు ఫిల్టర్లు పెడితే పనైపోయినట్టే.

కాలేదు. ముందుగా, ఈ ఫిల్టర్లలో చాలా వాటిని చేసినవాళ్లే సరిగ్గా అర్థం చేసుకోలేదు. కలర్ బ్లైండ్ మనిషికి స్క్రీన్ ఎట్లా కనిపిస్తుందో మనకు చూపించే సిమ్యులేషన్ ఒకటుంటుంది. అది మనం చెక్ చేసుకోడానికి. దాన్నే తెచ్చి ఆటగాడికి మోడ్‌గా ఇస్తే, అతనికి అప్పటికే కలిసిపోయిన రెండు రంగులు ఇంకా కలిసిపోతాయి. సరే, నిజంగా సరిచేసే ఫిల్టరే పెట్టారనుకుందాం. అది స్క్రీన్ మొత్తాన్ని మారుస్తుంది: ఆకాశం, మట్టి, మనుషుల మొహాలు, అన్నీ. వాళ్లు పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఆకాశం వాళ్లకి మామూలుగానే ఉంది, దాన్నెందుకు కదిలించడం? వాళ్లకి కావాల్సింది ఎవరు శత్రువు, ఎవరు మనవాడు అనేదొక్కటే. పైగా ఆరు రంగులున్న ఆటలో ఎరుపుని ఆకుపచ్చకి దూరంగా జరిపితే అది పోయి ఇంకో రంగు మీద పడుతుంది.

ఇవన్నీ చిన్నవే. అసలు సంగతి వేరే ఉంది.

రెండేళ్ల కిందట ఒక గోళీల ఆట చేశాం. ఒకే సైజు గుండ్రటి గోళీలు, ఆరు రంగులు, ఒకే రంగువి మూడు కలిపితే పగులుతాయి. టెస్టింగ్‌కి ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్ నుంచి కొంతమంది పిల్లల్ని పిలిచాం. పద్నాలుగో లెవల్‌లో ఆకుపచ్చ, నారింజ గోళీలు మొదటిసారి పక్కపక్కనే వస్తాయి. ఒక అబ్బాయి అక్కడ ఆగిపోయాడు. నాలుగుసార్లు ఓడిపోయాడు. పక్కవాళ్లు "వీడికి గేమ్స్ రావులే" అంటున్నారు. మా రిపోర్టులో కూడా అతని పేరు ఎదురుగా 'ఆట అర్థం కాలేదు' అని ఎక్కేసింది. నేను వెనక నిలబడి చూశాను. అతను బ్రైట్‌నెస్ చివరికంటా పెంచాడు. ఫోన్ మొహం దగ్గరికి తెచ్చుకుని, ఒక పక్కకి వంచి చూసి, అప్పుడు వేలు పెడుతున్నాడు. "ఏం చూస్తున్నావు నాయనా?" అంటే, "ఒకటి కొంచెం మసగ్గా ఉంటాదక్కా, దాన్ని బట్టి కొడతా ఉండా" అన్నాడు.

ఫోన్లోనే ఇషిహారా ప్లేట్లు (రంగురంగుల చుక్కల్లో అంకె దాగి ఉండే పరీక్ష బొమ్మలు) చూపించాను. స్క్రీన్ మీద చూసేది పక్కా పరీక్ష కాదు, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. కానీ మూడో ప్లేటుకే నాకు అర్థమైంది. ఇరవై ఏళ్లొచ్చినా తనకి ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా తెలియదని ఆ పిల్లాడికి అప్పటిదాకా తెలియదు.

ఇప్పుడు చెప్పండి, సెట్టింగ్స్‌లో నాలుగో పేజీలో 'డ్యూటరనోపియా' అని మీరు పెట్టిన బటన్ అతనికి ఏం ఉపయోగం? తనకి ఆ సమస్య ఉందని తెలిసినవాడే కదా దాన్ని వెతుక్కునేది! ఫిల్టర్‌ని నమ్ముకున్న గేమ్, తెలియనివాళ్లందర్నీ బయటే వదిలేస్తుంది. అందుకే నేను క్లయింట్లతో మొండిగా వాదిస్తాను: ఏ బటనూ నొక్కకుండానే ఆట అర్థం కావాలి. ఆప్షన్లు ఆ తర్వాత.

మేం చేసింది పెద్ద పనేం కాదు. ప్రతి గోళీ లోపల ఒక గుర్తు వేశాం: ఆకుపచ్చలో ఆకు, నారింజలో చుక్కలు, నీలంలో అల. మా ఆర్టిస్ట్‌కి ఒకటిన్నర రోజు పట్టింది. మొదట్లోనే అనుకుని ఉంటే ఆ ఒకటిన్నర రోజు కూడా పట్టేది కాదు. వారం తర్వాత ఆ అబ్బాయి మళ్లీ వచ్చాడు. పద్నాలుగు దాటాడు, పదిహేను దాటాడు, తల ఎత్తలేదు. మధ్యలో ఒక్కసారి మాత్రం అడిగాడు: "ఈ ఆకు గుర్తు ముందే ఉండిందా అక్కా?"

పెద్ద గేమ్స్ ఇదే దారిలో ఉన్నాయి. క్యాండీ క్రష్‌లో ప్రతి రంగుకీ ఆకారం వేరు, గమనించారా? అమాంగ్ అస్‌లో తీగలు కలిపే టాస్క్‌కి రంగులతో పాటు గుర్తులు తెచ్చారు. యూనో కార్డులకి 2017లో కలర్‌యాడ్ (ఒక్కో రంగుకీ ఒక్కో గుర్తు ఇచ్చే పద్ధతి) గుర్తులున్న ఎడిషన్ వచ్చింది. వెబ్‌సైట్లకి ఉండే డబ్ల్యూసీఏజీ అనే, అందరూ వాడుకునేలా చేసే మార్గదర్శకాల్లో 1.4.1 నియమం కూడా ఇదే: ఏ సమాచారాన్నీ రంగు ఒక్కదానితోనే చెప్పకూడదు. ఆకారం, అక్షరం, గీతలు, చోటు, శబ్దం, ఏదో ఒకటి తోడు రావాలి. మ్యాప్ మీద శత్రువు ఎర్రచుక్క, మనవాడు పచ్చచుక్క అని పెట్టే బదులు ఒకరికి త్రికోణం, ఒకరికి వృత్తం పెట్టండి. రంగులు కూడా నీలం, నారింజ తీసుకోండి, చాలామందికి అవి విడిగా కనిపిస్తాయి. ఆపైన ఆ రంగుల్ని ఆటగాడే మార్చుకునేట్టు ఇస్తే ఇంకా మంచిది. ఒకరికున్న తీవ్రత ఇంకొకరికి ఉండదు.

స్క్రీన్‌షాట్‌ని బ్లాక్ అండ్ వైట్ చేసి చూడటం నా అలవాటు. రెండు గోళీలు ఒకే బూడిద రంగులో వస్తే వెనక్కి పంపించేస్తాను. ఇందులో ఒక మెలిక ఉంది. ప్రొటాన్ వాళ్లకి (ప్రొటనోపియా లాంటి లోపం ఉన్నవాళ్లకి) ఎరుపు మనకంటే బాగా ముదురుగా కనిపిస్తుంది. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్రటి అక్షరాలతో 'ప్రాణం తగ్గుతోంది' అని హెచ్చరిక ఇస్తే, అవసరమైన క్షణంలో వాళ్లకి అది కనపడకుండా పోవచ్చు. ఆ తేడా బ్లాక్ అండ్ వైట్‌లో బయటపడదు, సిమ్యులేటర్‌లోనే పట్టుకోవాలి.

అపోహ: మాకు ఒక్క కంప్లైంటూ రాలేదు, అంటే అట్లాంటి ఆటగాళ్లు మాకు లేరు.

యూరప్ మూలాలున్న మగవాళ్లలో సుమారు పన్నెండు మందిలో ఒకరికి ఇది ఉంటుంది. మన దేశంలో సాధారణంగా అంతకంటే తక్కువే కనిపించినా, లక్ష డౌన్‌లోడ్లున్న గేమ్‌లో అది వేలల్లోనే తేలుతుంది. మరి కంప్లైంట్ ఎందుకు రాదంటే, వాళ్లు తప్పు తమదే అనుకుంటారు, గేమ్ తీసేస్తారు, అంతే.

మా తాత (అమ్మ వాళ్ల నాన్న) పలమనేరు మార్కెట్‌కి టమోటా తోలేవాడు. కోత రోజు అవ్వ, కూలీలు దోరకాయలు ఏరుతుంటే ఆయన ఎప్పుడూ గంపలు మోసే పనిలోనే ఉండేవాడు. ఎవరైనా రమ్మంటే ఒక్కో కాయనీ తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి, వాసన చూసి తెంపేవాడు. "ఈయనకి ఏరే ఓపిక లేదు" అని అవ్వ తిట్టేది. ఆయన ఒక్కరోజూ ఎదురు చెప్పలేదు. మా తమ్ముడు కాలేజీలో ఉండగా వాడికి కలర్ బ్లైండ్ అని డాక్టర్ చెప్పాక, తాత నొక్కుడు అమ్మకి గుర్తొచ్చింది. అప్పటికి తాత పోయి ఆరేళ్లు.

అపోహ: ఫోన్లో గేమ్స్ ఆడి ఆడి వస్తుంది.

ఇది వింటే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే దీనివల్ల ఏడ్చేది తల్లులు. మా వీధిలో ఒక అక్క కొడుకుని తీసుకొచ్చింది. స్కూల్లో కంటి పరీక్షలో బయటపడిందట. 'వర్ణాంధత్వం' అని రాసిన కాగితం చేతిలో ఉంది. అందులో 'అంధత్వం' అనే ముక్క దగ్గరే ఆమె ఆగిపోయింది. "వీడికి చూపు పోతుందా? రాత్రుళ్లు ఫోన్ ఇచ్చాను, నేనే పాడుచేశానా?" అంటోంది. లేదక్కా. పుట్టుకతో వచ్చే ఎరుపు-ఆకుపచ్చ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మా తాత నుంచి అమ్మకి, అమ్మ నుంచి తమ్ముడికి వచ్చినట్టే వస్తుంది. అమ్మకి రంగులు బాగానే కనిపిస్తాయి, తను మోస్తున్నట్టు కూడా తెలియదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇది పెరగదు, చూపు పోదు. అత్తగారు ఏమన్నా సరే, ఇదే చెప్పండి. అయితే పెద్దయ్యాక కొత్తగా రంగులు మసకబారినా, ఒక కంటికే తేడా వచ్చినా వెంటనే డాక్టర్‌కి చూపించాలి, అది వేరే విషయం.

డ్రైవింగ్ లైసెన్స్ రాదా అని కూడా అడిగింది. తక్కువ, మధ్యస్థ స్థాయి లోపం ఉన్నవాళ్లకి ఇచ్చేలా 2020లో కేంద్రం నిబంధనలు మార్చింది. లోకో పైలట్ లాంటి ఉద్యోగాలకి మాత్రం రంగుల పరీక్ష తప్పదు. అది ఆమెకి దాచకుండానే చెప్పాను.

మిగతావి గబగబా. లోకం బ్లాక్ అండ్ వైట్‌లో కనిపించడం చాలా చాలా అరుదు. ఆడవాళ్లకి రాదనేది తప్పు, తక్కువగా వస్తుందంతే. ఖరీదైన రంగు కళ్లద్దాలు కొన్ని రంగుల మధ్య తేడా పెంచుతాయేమో గానీ మామూలు రంగుల చూపు తెచ్చివ్వవు, డబ్బు పెట్టే ముందు డాక్టర్‌ని అడగండి. కలర్ బ్లైండ్ ఉంటే గేమ్ ఆర్ట్ చదవకూడదా? పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ)లో ఎడిటింగ్ సీటు నిరాకరించిన కేసులో 2022లో సుప్రీంకోర్టు, అట్లాంటి విద్యార్థుల్ని కోర్సుల నుంచి దూరం పెట్టొద్దంది. చదవండి.

డెవలపర్లకి ఒక్క పని చెప్తాను. ఆండ్రాయిడ్ ఫోన్లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో 'సిమ్యులేట్ కలర్ స్పేస్'లో డ్యూటరనోమలీ (ఎరుపు-ఆకుపచ్చ తేడా తక్కువగా తెలిసే రకం) పెట్టండి. మీ గేమ్ మీరే మొదటి నుంచి ఆడండి. ఎక్కడ ఫోన్ మొహం దగ్గరికి తెచ్చుకున్నారో ఆ లెవల్ నంబర్ రాసుకుని, రేపు పొద్దున మీ ఆర్టిస్ట్‌కి ఇవ్వండి.