కూలింగ్ పేపర్ అంటించే ముందు ఒక గుణకారం

తిరుపతిలో ఎండ ముదిరితే కార్ల దుకాణాల్లో కూలింగ్ పేపర్‌కు, అంటే అద్దం మీద అంటించే ఫిల్మ్‌కు, గిరాకీ పెరుగుతుంది. దుకాణంలో వేయించుకోకుండా పేపర్ చుట్ట కొని ఇంటి వరండాలోనే అంటించుకునేవాళ్లూ ఉన్నారు. పెట్టె మీద 50 శాతం వెలుతురు సాగుతుందని ఉంది, చట్టం అడిగేదీ 50 శాతమే, ఇంక భయమేముంది అనుకుంటారు. ఆ లెక్కే తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే 1989 దాకా వెనక్కి వెళ్లాలి.

ఆ ఏడాది వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వది అద్దాల గురించి. ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు సాగాలి. రూలు అద్దం గురించే చెప్పింది, దాని మీద అంటించే పేపర్ ఊసెత్తలేదు. ఆ సందులోంచే వ్యాపారం పెరిగింది. పాలిస్టర్ పొరకు రంగు కలిపి, వెనక జిగురు పూసి అమ్మేవాళ్లు. ఎండలోని అతినీల కిరణాలకు ఆ రంగు విరిగిపోయి, నల్లగా అంటించిన పేపర్ కొన్నాళ్లకు వంకాయ రంగుకు తిరిగి, బుడగలు లేచేది. పాత కార్లలో ఇప్పటికీ చూడొచ్చు.

2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు ఆ సందు మూసేసింది. నల్ల అద్దాల చాటున నేరాలు జరుగుతున్నాయన్నది పిటిషన్ వాదన. 70, 50 శాతాలు అద్దం తయారైనప్పుడే ఉండాల్సినవని, ఆ తర్వాత ఎంత పలుచటి ఫిల్మ్ అయినా, మరే వస్తువైనా అంటించకూడదని కోర్టు తేల్చింది. మే 4 నుంచి అమలు. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవారికి మాత్రం మినహాయింపు దొరికింది. ఫిల్మ్‌లు పీకేసినవాళ్లు వల తెరలకు మళ్లారు. 'మరే వస్తువైనా' అన్న మాట వాటినీ వదలదని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

తర్వాత రూలే మారింది. 2021 ఏప్రిల్ 1 నుంచి 100వ నిబంధనలో 'సేఫ్టీ గ్లాస్'తో పాటు 'సేఫ్టీ గ్లేజింగ్' చేరింది. దానికి కొలమానం ఐఎస్ 2553 అనే భారతీయ ప్రమాణంలోని రెండో భాగం, 2019 సవరణ. లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం ఆ ప్రమాణంలోకి వస్తుంది. దీని ఆధారంగానే 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, 70, 50 శాతాలకు లోబడి ఫిల్మ్ వేసుకోవచ్చని చెప్పింది. అది వేరే రాష్ట్రపు తీర్పు. చిత్తూరు రోడ్డు మీద ఆపిన పోలీసుకు చూపించి వాదించవచ్చు గానీ, ఆయన్ని అది నేరుగా కట్టిపడేయదు.

ఇక గుణకారం. కంపెనీ నుంచి వచ్చే పక్క అద్దమే కాస్త ఆకుపచ్చ ఛాయతో సుమారు 75 శాతం వెలుతురు పంపిస్తుంది. దాని మీద 50 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 75లో సగం, అంటే 37.5. అద్దం గుండా సాగే వెలుతురును కొలిచే టింట్ మీటరు చూపించేది ఈ అంకెనే. పక్క అద్దం 50కి పైన నిలవాలంటే ఫిల్మ్ 70 శాతందై ఉండాలి (52.5 వస్తుంది). ముందు అద్దం సంగతి ఇంకా బిగువు: 80 శాతం అద్దం మీద 90 శాతం ఫిల్మ్ వేస్తేనే 72 వస్తుంది.

అంత తేలిక ఫిల్మ్‌తో చల్లదనమేం వస్తుందన్నది సహజమైన సందేహం. ఎండ వేడిలో దాదాపు సగం కంటికి కనబడని పరారుణానిది. మంచి సిరామిక్ ఫిల్మ్ ఆపేది దాన్నే. నలుపుకూ చల్లదనానికీ ముడిపెట్టడం పాత రంగు పేపర్ల నాటి అలవాటు. లోహపు పూత ఫిల్మ్ మాత్రం ముందు అద్దానికి వద్దు, ఫాస్టాగ్ సంకేతానికి అడ్డం పడవచ్చు. అలిపిరిలో 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి.

ఇంట్లో అంటించేటప్పుడు చెడేది ఎక్కువగా దుమ్ము, నీళ్ల దగ్గరే. బోరు నీటిలోని ఉప్పు మరక కట్టి జిగురు కింద తెల్లగా నిలిచిపోతుంది కాబట్టి ఆర్‌ఓ నీళ్లు వాడాలి, లీటరుకు నాలుగైదు చుక్కల బేబీ షాంపూ. ఎండలో కాలిన అద్దం మీద నీళ్లు క్షణాల్లో ఆరి, ఫిల్మ్ సర్దకముందే జిగురు పట్టేస్తుంది. అందుకే తెల్లవారుజామున, నీడలో, ఫ్యాన్ ఆపి చేయాలి. ఫిల్మ్‌ను అద్దం బయటి వైపు పరిచి, జిగురును కప్పే పొర తమ వైపు ఉండేలా కొలత కోయాలి. పై అంచున రెండు మిల్లీమీటర్లు వదలాలి, కింద ఒక సెంటీమీటరు రబ్బరు లోపలికి దిగాలి. వంపు ఉన్నచోట వేడిగాలి ఊదే హీట్ గన్‌తో మెల్లగా కుదించాలి. ఒకేచోట ఆపితే ఫిల్మ్ ముడతపడుతుంది, మళ్లీ సాగదు. లోపల అంటించాక నడుమ నుంచి అంచులకు రబ్బరు పట్టీతో నీళ్లు తోయాలి. మూడు నాలుగు రోజులు అద్దం దించకూడదు. ఈలోగా కనిపించే పొగమంచు లాంటి మసక లోపల మిగిలిన తేమే, ఆరేకొద్దీ పోతుంది. ఇసుక రేణువు కింద లేచిన బుడగ మాత్రం పోదు.

పాత ఫిల్మ్ తీయాలంటే ఆవిరి పట్టి, మూల నుంచి నిదానంగా లాగాలి. పక్క అద్దాల మీద మిగిలిన జిగురును సబ్బు నీళ్లతో తడిపి బ్లేడుతో గీకవచ్చు. వెనక అద్దానికి బ్లేడు తగలనివ్వకూడదు. అక్కడి సన్నటి గీతలు అద్దాన్ని వేడిచేసి మసక పోగొట్టే డీఫాగర్ తీగలు, ఒకటి తెగితే ఆ వరుస వేడెక్కదు.