బ్రేకు చప్పుడైతే ఏం చూడాలి?

చిరంజీవులకు ఆశీస్సులు.

కారు నడపడం నేర్చుకుంటున్న మీరు బ్రేకు చప్పుళ్లలో వేటిని పట్టించుకోనక్కర్లేదో, వేటికి వెంటనే బండి ఆపాలో తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప డిస్కును రెండు ప్యాడ్లు అటూ ఇటూ నొక్కి పట్టడం వల్ల బండి ఆగుతుంది. రాత్రి వానలో తడిసిన డిస్కుకు పలుచగా తుప్పు పడుతుంది కనుక, పొద్దున్న మొదటి నాలుగైదు బ్రేకులకు గరగరమన్నా అది రాలిపోగానే చప్పుడు పోతుంది. దానికి కంగారు పడవద్దు.

రోజంతా వదలని కీచుమనే చప్పుడు వేరు. ప్యాడ్ మందం అరిగి సుమారు 2, 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికి, దానికి కావాలనే అమర్చిన సన్నని ఉక్కు రేకు డిస్కుకు రాసుకుని అలా అరుస్తుంది. రేడియో పెంచి ఆ చప్పుడు వినపడకుండా చేసుకునేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది. అప్పుడే ప్యాడ్లు మారిస్తే ఖర్చు అంతటితో పోతుంది. మార్చకపోతే ప్యాడ్ వెనుకనున్న ఇనుప పలక నేరుగా డిస్కును గీకుతుంది, బ్రేకు పట్టు తగ్గుతుంది. ఇనుము ఇనుమును కోస్తున్నట్టు చప్పుడు వస్తే ఇక ఆ బండిని నడపకండి. అప్పటికి డిస్కు, దానిమీద ముద్రించిన కనీస మందం కంటే పలుచబడి ఉంటే, దాన్నీ మార్చవలసిందే. అయితే బ్రేకు నొక్కకపోయినా గీకుడు వినిపిస్తుంటే, డిస్కుకూ, దాని వెనుక దుమ్ము పడకుండా అడ్డుగా ఉండే రేకుకూ మధ్య గులకరాయి ఇరుక్కుందేమో ముందు మెకానిక్‌ను చూడమనండి.

ప్యాడ్లు మందంగానే ఉన్నా కీచుమంటే, అవి అదురుతున్నాయన్నమాట. వాటిని పట్టి ఉంచే క్లిప్పులు వదులై ఉండవచ్చు, క్యాలిపర్ (ప్యాడ్లను పట్టుకుని డిస్కు మీదికి నొక్కే భాగం) జరిగే పిన్నులు ఎండి బిగుసుకుని ఉండవచ్చు, లేదా విపరీతమైన వేడికి ప్యాడ్ ముఖం అద్దంలా నున్నబడి ఉండవచ్చు. పిన్నులను శుభ్రం చేసి, వేడికి తట్టుకునే గ్రీజు రాస్తే చాలాసార్లు సరిపోతుంది. కానీ డిస్కును తాకే ముఖానికి చుక్క నూనె గానీ గ్రీజు గానీ అంటకూడదు. చప్పుడు పోతుందని అక్కడ నూనె వేస్తే బ్రేకే పోతుంది.

ప్యాడ్లను ఒక్క చక్రానికే కాక, అదే వరుసలో అవతలి పక్కనున్న దాని జత చక్రానికి కూడా కలిపి మార్పించండి. మార్చేటప్పుడు, క్యాలిపర్‌లో ఉండి ప్యాడ్‌ను ముందుకు తోసే పిస్టన్‌ను వెనక్కి నెడతారు కాబట్టి, మొదటిసారి పెడల్ నేల దాకా దిగిపోవచ్చు. అందుకని బండి కదిలించకముందే, కాలికి గట్టిగా తగిలేంతవరకు పెడల్‌ను పదేపదే నొక్కండి.

మీ తాతయ్య