స్టైపెండ్ మీద కాపురం: శ్రీకాకుళంలో ఒక పీజీ డాక్టర్ ఇంటి లెక్క వెనకున్న కథ

మా ఆయనకి పీజీ సీటు, అంటే ఎంబీబీఎస్ తర్వాత చేసే స్పెషలిస్ట్ చదువుకి సీటు, వచ్చిందని తెలిసిన రోజు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా అత్తారి వీధంతా స్వీట్లు పంచారు, అదే వారంలో మా మావయ్య ఇంకో లక్షకి ప్రోనోటు రాశారు. ఈ రెండూ ఒకే వారంలో ఎలా జరిగాయో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ముందు స్టైపెండ్ అనే మాట దగ్గర మొదలుపెడతా. పీజీ డాక్టర్‌కి ఇచ్చేది జీతం కాదు, స్టైపెండ్. అంటే చదువుకునేవాడికి ఖర్చులకిచ్చే డబ్బు. ఉత్తరాంధ్ర మొత్తానికి దశాబ్దాల పాటు ఉన్న ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఒకటే, 1923లో మొదలైన విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ, దాని ఆసుపత్రి కింగ్ జార్జ్ హాస్పిటల్ (కేజీహెచ్). ఆ రోజుల్లో అక్కడ చదివిన పెద్ద డాక్టర్లు చెప్తుంటే విన్నాను, హౌస్ సర్జన్సీ (ఎంబీబీఎస్ చివర చేసే ఇంటర్న్‌షిప్) అవగానే పీజీలో చేరిపోయేవాళ్లట, వయసు ఇరవై మూడో ఇరవై నాలుగో, పెళ్లి కాలేదు, హాస్టల్ గది, మెస్ భోజనం, ఖర్చు అంటే పుస్తకాలూ ఇంటికెళ్లే బస్ ఛార్జీలూ. ఆ మనిషికి స్టైపెండ్ సరిపోయేది. కానీ పీజీ అంటే చదువు ఒక్కటే కాదుగా, రాత్రి రెండింటికి క్యాజువాలిటీకి వచ్చిన కేసు చూసేది ఆ పీజీయే, వార్డు నడిపేది కూడా వాళ్లే. 1992లో కేంద్రం ఇచ్చిన రెసిడెన్సీ స్కీమ్ (పీజీ డాక్టర్ల డ్యూటీ నియమాలు) ఆదేశాల్లో వారానికి 48 గంటలు, ఒక విడతలో 12 గంటలు దాటకూడదు అని రాసుంది. కాగితం మీద అలా ఉంది గానీ మా ఇంట్లో మాత్రం ఉదయం వెళ్లిన మనిషి మర్నాడు మధ్యాహ్నం వచ్చేవాడు, డ్యూటీ పడితే అంతే.

తర్వాత మారింది వయసు. ఇప్పుడు ఎంబీబీఎస్ అవగానే పీజీ సీటు రావడం చాలా తక్కువ, ఏడాదో రెండేళ్లో మూడేళ్లో కోచింగ్, అదీ హైదరాబాదులో, హాస్టల్‌లో ఉండి. ఆ టైమ్‌లో సంపాదన సున్నా, లేదా ఏదైనా నర్సింగ్ హోమ్‌లో నైట్ డ్యూటీ. మా ఆయన బ్యాచ్ వాళ్లకి దాని మీద కోవిడ్ కూడా తోడైంది. 2021 జనవరిలో జరగాల్సిన నీట్ పీజీ, అంటే పీజీ సీట్లకి పెట్టే ఎంట్రన్స్, పోస్ట్‌పోన్ అయ్యి సెప్టెంబర్ 11న జరిగింది, కౌన్సెలింగ్ మొదలయ్యేసరికి 2022 జనవరి వచ్చేసింది. ఒక ఏడాది మొత్తం పోయింది, ఆ ఏడాది హాస్టల్ ఫీజు మాత్రం పోలేదు, వడ్డీ కూడా ఆగలేదు. సీటొచ్చేసరికి ఆయనకి ఇరవై తొమ్మిది, మాకు పెళ్లయ్యి బాబు కూడా పుట్టేశాడు.

మరి కోచింగ్‌కి డబ్బు ఎక్కడిది అంటే, అప్పు. బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ తీసుకోవచ్చు కదా అని చాలామంది అంటారు, ఆ లోన్ ఏదైనా కాలేజీలో సీటొచ్చినవాళ్లకి ఇస్తారు, సీటు కోసం ప్రిపేర్ అయ్యేవాళ్లకి కాదు. అందుకే ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. మామూలుగా అయితే అంత అవసరం పడేది కాదు, మా అత్తారిది జీడితోట, ఏటా పిక్కల డబ్బు వచ్చేది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చి వజ్రపుకొత్తూరు, పలాస, మందస వైపు తోటల్ని పడగొట్టేసింది, ఆ రోజు చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. కొబ్బరీ జీడీ మళ్లీ నాటితే వెంటనే కాపుకి రావు, ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లే మా ఆయన కోచింగ్ ఏళ్లు. తోట ఆదాయం పోయిన టైమ్‌కే చదువు ఖర్చు మొదలైంది, ఆ గ్యాప్‌లోకి వడ్డీ వచ్చి కూర్చుంది. సీటొచ్చాక జాయినింగ్ ఖర్చులకీ కాపురం పెట్టడానికీ తెచ్చిన లక్షతో కలిపి మొత్తం నాలుగు లక్షలు.

నాలుగు లక్షలకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 8 వేలు. పీజీ మూడేళ్లకి లెక్కేస్తే 2 లక్షల 88 వేలు, అసలు ఒక్క రూపాయి తగ్గకుండా. ఈ లెక్క నేను వేసి చూపించిన రోజు మా ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఇక స్టైపెండ్ ఎలా పెరుగుతుందో చూద్దాం. ఉద్యోగులకి ధరలు పెరిగితే డీఏ పెరుగుతుంది, పీజీలకి అలా ఉండదు, జూడా (జూనియర్ డాక్టర్ల సంఘం) వాళ్లు సమ్మె నోటీసు ఇస్తేనో ఓపీ ఆపుతామంటేనో ఫైలు కదులుతుంది. 2022 అక్టోబర్‌లో అలాగే జరిగింది, 26 నుంచి సమ్మె అన్నారు, ప్రభుత్వం 15 శాతం పెంచింది. హౌస్ సర్జన్లకి 19,589 నుంచి 22,527, పీజీ ఫస్ట్ ఇయర్‌కి 44,075 నుంచి 50,686, సెకండ్ ఇయర్‌కి 53,503, థర్డ్ ఇయర్‌కి 56,319. అదే పని చేసే కేంద్ర ఆసుపత్రుల జూనియర్ రెసిడెంట్‌కి ఏడో పే కమిషన్ తర్వాత బేసిక్కే 56,100, దాని మీద డీఏ వేరే, మిగతా అలవెన్సులు వేరే. అంటే అప్పటికి మన దగ్గర మూడో ఏడాదికి మొత్తం కలిపి చేతికొచ్చేది, అక్కడ బేసిక్‌తో సమానం అన్నమాట. మంగళగిరి ఎయిమ్స్ కూడా మన రాష్ట్రంలోనే ఉంది, పేషెంట్లూ మనవాళ్లే. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

2023లో మా నోట్‌బుక్‌లో ఒక నెల లెక్క ఇలా ఉంది. వచ్చింది 53,503. ఇంటద్దె 8,000, కరెంటు గ్యాస్ నీళ్లు 2,200, బియ్యం సరుకులు పాలు కూరలు 11,000, బాబు స్కూలూ ఆటో 3,000, అత్తామావయ్యలకి 8,000 అందులో సగం మందులకే, ఊళ్లో వడ్డీ 8,000, నా గాజుల మీద బ్యాంకు లోన్ వడ్డీ 2,000, పెట్రోలూ ఫోన్లూ 3,500. మొత్తం 45,700. మిగిలిన 7,803లో థీసిస్ ప్రింటింగ్, కాన్ఫరెన్స్ ఫీజు, పిల్లాడికి జ్వరమొస్తే టెస్టులు, ఇంకా పెళ్లిళ్లు. పెళ్లిళ్ల గురించి చెప్పాలి. డాక్టర్ గారింటి నుంచి వెయ్యి నూటపదహార్లు చదివిస్తే మనుషులు మొహం అదోలా పెడతారు, ‘ఏటి బావు, డాక్టరువి కదా’ అంటారు, వాళ్ల తప్పు కాదు, వాళ్లకి డాక్టర్ అంటే విజయనగరంలో రోడ్డు మీద సొంత నర్సింగ్ హోమ్ ఉన్న డాక్టరే తెలుసు. సాయంత్రాలు క్లినిక్ పెట్టుకోవచ్చు కదా అని కూడా అడుగుతారు, పీజీ ఫుల్‌టైమ్ కోర్సు, బయట ప్రాక్టీస్ చేయకూడదు అని చెప్తే నమ్మరు.

పైగా ఆ 53,503 ప్రతి నెలా ఒకటో తారీఖున పడేది అనుకుంటే పొరపాటే. ఒకసారి మూడు నెలలు వరసగా రాలేదు. బడ్జెట్ రాలేదు అన్నారు, బిల్లు పెట్టాం అన్నారు. అద్దెకి ఆగమంటే ఇంటావిడ మంచిది కాబట్టి ఆగింది, వడ్డీ వ్యాపారి ఆగలేదు. పర్సనల్ లోన్‌కి ఒక బ్యాంకుకి వెళ్తే శాలరీ స్లిప్ అడిగారు, స్టైపెండ్ సర్టిఫికెట్ చూపిస్తే ఇది జీతం కింద రాదండీ అన్నారు. మొదట చెప్పిన ఆ ఒక్క మాట అక్కడ మళ్లీ ఎదురొచ్చింది, ఆసుపత్రిలో పని చేయించుకునేటప్పుడు ఉద్యోగి, బ్యాంకు దగ్గర స్టూడెంట్.

ప్రైవేట్ కాలేజీల్లో పీజీ చేసేవాళ్ల సంగతి ఇంకా కష్టం. ఫీజు రీయింబర్స్‌మెంట్ 2020 డిసెంబర్‌లో వచ్చిన జీవో 77తో ప్రైవేట్ పీజీలకి ఆగిపోయింది. ప్రభుత్వ కాలేజీతో సమానంగా స్టైపెండ్ ఇవ్వాలని ఎన్‌ఎంసీ (మెడికల్ చదువులని చూసే జాతీయ మెడికల్ కమిషన్) 2023 రెగ్యులేషన్స్‌లో ఉంది, కానీ అదే ఎన్‌ఎంసీ 2023లో ఆన్‌లైన్ సర్వే చేస్తే దేశం మొత్తం మీద రెండు వేల మందికి పైగా మాకసలు స్టైపెండే ఇవ్వట్లేదని చెప్పారు, వెయ్యి మందికి పైగా ఇచ్చినట్టే ఇచ్చి కాలేజీ వెనక్కి తీసుకుంటోందని చెప్పారు. ఇది చదివినప్పుడు మా పరిస్థితి చాలా నయమనిపించింది, అలా అనిపించినందుకు బాధ కూడా వేసింది.

2021 బ్యాచ్ నుంచి డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ అని మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పోస్టింగ్ వేయడం మొదలైంది. ఆలోచన మంచిదే, ఆ ఊళ్లకి డాక్టర్ దొరుకుతాడు. మాకు మాత్రం ఆ మూడు నెలలూ రెండు చోట్ల వంట, రోజూ బస్సు.

మేం చేసిన ఒకే ఒక్క తెలివైన పని, ఆలస్యంగానైనా, మిగిలిన బంగారం కూడా బ్యాంకులో పెట్టి రూపాయి లోపు వడ్డీకి రెండు లక్షలు తెచ్చి ఊళ్లో సగం అప్పు కట్టేయడం. మా అత్త తన చంద్రహారం తీసి ఇచ్చింది. అప్పటిదాకా అప్పు సంగతి ఆవిడకి పూర్తిగా చెప్పలేదు మేము, చెప్పుంటే మొదటి ఏడాదే ఇచ్చేదాన్ని కదమ్మా అంది. మా ఆయన 2025లో పీజీ ముగించి బయటికొచ్చాడు. చంద్రహారం ఇంకా విడిపించలేదు.